నాలుగు రోజులు ఇంటికి తాళం, మీటరులో మాత్రం 21.6 యూనిట్లు. కరెంటు ఎక్కడికి పోతోంది?

పెరటిగుమ్మం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కరెంటు బిల్లు విషయంలో సాయం కావాలి. వివరాలు చెప్పకపోతే మీరు కూడా "లైట్లు ఆపండి" అనే అంటారని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ఇంట్లో నలుగురం. నేను, మావారు, పదో తరగతి చదివే మా అబ్బాయి, మామయ్యగారు. పోయిన ఏడాది ఇదే కాలంలో నెలకు 220 యూనిట్ల దగ్గర ఉండేది. ఈ ఏడాది వరుసగా 290, 310, 345. కొత్తగా ఏ వస్తువూ కొనలేదు. ఈ మూడు నెలల్లో ఏసీ వేసిన రోజే లేదు.

బిల్లు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో గొడవ. అబ్బాయి ఫ్యాను ఆపడని నేను, నేను టీవీ ఆపనని మావారు. మామయ్యగారు రాత్రంతా తన గదిలో చిన్న లైటు వేసుకుని పడుకుంటారు. దాని గురించి ఆయన్ని రెండుసార్లు అన్నాను. రెండోసారి అన్నాక ఆయన లైటు ఆర్పేయడం మొదలుపెట్టారు. ఒక రాత్రి ఆయన చీకట్లో గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్లడం చూశాను. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అసలు ఆ లైటుకి ఎంత ఖర్చవుతుందో కూడా నాకు తెలియకుండానే అన్నాను కదా అని.

ఈ మధ్య నాలుగు రోజులు అందరం ఊరికి వెళ్లాం. బయల్దేరేటప్పుడు మా అబ్బాయి మీటరు ఫొటో తీశాడు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే 21.6 యూనిట్లు పెరిగింది! లైట్లు, ఫ్యాన్లు, గీజరు అన్నీ ఆపే వెళ్లాం. ఫ్రిజ్ ఒక్కటే ఆన్‌లో ఉంది. ఇన్వర్టరు ఎలాగూ ఆన్‌లోనే ఉంటుంది.

ఇంట్లో ఉన్నవి: 260 లీటర్ల ఫ్రిజ్ (9 ఏళ్లది), 15 లీటర్ల గీజరు (2000 వాట్లు), సంపు నుంచి ట్యాంకుకి 1 హెచ్‌పీ మోటారు, ఏసీ, దాని స్టెబిలైజరు, కరెంటు పోతే వాడే ఇన్వర్టరు, దానికి 150 ఏహెచ్ బ్యాటరీ (6 ఏళ్లది), డెస్క్‌టాప్, వైఫై రూటర్, టీవీ, సెట్‌టాప్ బాక్స్, అయిదు ఫ్యాన్లు. లైట్లన్నీ ఎల్ఈడీనే.

మీటరు పాడైందంటారా? ఫోన్‌లో కరెంటు వాడకం చూపించే పరికరం ఏదైనా కొనమంటారా? ఏది ముందు చేయాలో తెలియడం లేదు.


పాతలైన్‌మన్

అమ్మా, మీ అబ్బాయి ఆ ఫొటో తీయడం చాలా మంచి పని. సగం సమాధానం అందులోనే ఉంది.

నాలుగు రోజులంటే 96 గంటలు. 21.6 యూనిట్లంటే 21,600 వాట్ అవర్లు. భాగించండి, 225 వస్తుంది. అంటే మీరు లేని ఇంట్లో 225 వాట్ల బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలుగుతూనే ఉన్నట్టు. నెలకు లెక్కేస్తే 162 యూనిట్లు. మీ 345లో దాదాపు సగం. ఎవరు ఫ్యాను ఆపలేదు, ఎవరు టీవీ ఆపలేదు అన్న గొడవకి ఈ సగంతో సంబంధమే లేదు. ఇది మీరు నిద్రపోతున్నప్పుడూ పోతుంది, ఊళ్లో లేనప్పుడూ పోతుంది.

ఏమీ కొనకండి. మీటరు మీదే ఒక ఎర్ర చుక్క వెలిగి ఆరుతూ ఉంటుంది, గమనించారా? దాని పక్కన "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" అనో, 1600 అనో, 1000 అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఆ చుక్క 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. మీది 3200 అనుకుందాం. ఒక మెరుపుకి, తర్వాతి మెరుపుకి మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ని ఆ సెకన్లతో భాగించండి. ఆ క్షణంలో ఇల్లు మొత్తం ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. 5 సెకన్లయితే 225 వాట్లు. 1600 మీటరైతే 1125 బదులు 2250, 1000 మీటరైతే 3600. పాతకాలపు తిరిగే చక్రం మీటరున్న వాళ్లు కూడా చక్రం మీద నల్లగీత ఒక చుట్టు తిరగడానికి పట్టే సెకన్లతో ఇలాగే లెక్క కట్టుకోవచ్చు. మీటరు మీద యూనిట్‌కి ఎన్ని చుట్లో రాసి ఉంటుంది, 36,00,000ని ముందు ఆ చుట్లతో, తర్వాత సెకన్లతో భాగించాలి.

ఇక చేయాల్సిన పని. రాత్రి అందరూ పడుకున్నాక లైట్లు, ఫ్యాన్లు ఆపి చుక్కను కొలవండి. తర్వాత బోర్డులో ఎంసీబీలు, అంటే ఒక్కో లైనుకీ విడిగా ఉండే స్విచ్‌లు, ఒక్కొక్కటే దించుతూ ప్రతిసారీ కొలవండి. ఏది దించినప్పుడు చుక్క బాగా నెమ్మదిస్తుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు.

ఒక జాగ్రత్త. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ దించగానే ఇన్వర్టరు కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద ఇల్లు నడపడం మొదలుపెడుతుంది. మళ్లీ మెయిన్ ఎత్తగానే ఖర్చయిన చార్జి నింపుకోడానికి ఎక్కువ లాగుతుంది, మీ కొలత తప్పుతుంది. అందుకని ఇన్వర్టరు ఆన్‌లో ఉండగా ఒక కొలత తీసుకుని, తర్వాత దాని ముందు స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు కూడా ఆపేసి, ఆ తర్వాతే ఎంసీబీల జోలికి వెళ్లండి.

మీటరు అనుమానం కూడా ఇప్పుడే తీర్చుకోవచ్చు. మెయిన్ దించాక చుక్క ఒక్కసారి కూడా మెరవకూడదు. నిలకడగా వెలుగుతూ ఉన్నా పరవాలేదు, మెరుపు మాత్రం ఉండకూడదు. తర్వాత మెయిన్ ఎత్తి, మిగతావన్నీ ఆపి, నీళ్లు చల్లగా ఉన్న గీజరు ఒక్కటే 10 నిమిషాలు వేయండి. 2000 వాట్ల గీజరుకి యూనిట్‌లో మూడో వంతు, అంటే 0.33 కదలాలి. వోల్టేజీ తక్కువగా ఉంటే గీజరు లాగేదీ తగ్గుతుంది కాబట్టి 0.3 వచ్చినా కంగారు పడొద్దు. ఇంతకాలం నేను చూసినంతలో "మీటరు పరుగెత్తుతోంది" అన్న ఇళ్లలో చాలా వరకు పరుగెత్తింది మీటరు కాదు.


సోల్డరింగ్‌వాసన

పైన పెద్దాయన చెప్పిందే ముందు చేయండి మేడం. మా ఇంట్లో నేను రెండేళ్లుగా పరికరాలతో కొలుస్తున్నాను కాబట్టి పరికరాల ప్రశ్నకి నేను చెబుతాను.

మూడు రకాలున్నాయి. ప్లగ్గుకి, వస్తువుకి మధ్య పెట్టే చిన్న మీటరు మొదటిది. మీ అవసరానికి ఇది చాలు. ఫ్రిజ్‌కి పెట్టి కనీసం ఒక రోజంతా వదిలేయండి, ఎందుకంటే ఫ్రిజ్ కంప్రెసరు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, పది నిమిషాల కొలతకి అర్థం లేదు. రెండోది వైఫై స్మార్ట్ ప్లగ్. అదే పని చేస్తుంది, లెక్క ఫోన్‌లో చూపిస్తుంది. కానీ 10 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్‌కి గీజరు తగిలించకండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే 8.7 ఆంప్స్. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, అంత లోడు రోజూ మోస్తే ప్లగ్గు లోపల కాంటాక్టులు వేడెక్కుతాయి. మా ఇంట్లో ఒకదాని పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. గీజరుకి, ఏసీకి 16 ఆంప్స్‌వే వాడాలి.

మూడోది మెయిన్ వైరు చుట్టూ గాజులా పట్టుకునే సీటీ క్లాంప్. ఇల్లు మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. నేను దాన్ని హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి కలిపాను. 2013లో మొదలైన ప్రాజెక్టు అది, 2021లో అందులో ఎనర్జీ పేజీ ఒకటి చేర్చారు. గంటగంటకీ గీతలు గీసి చూపిస్తుంది. మా ఇంట్లో తెల్లవారుజామున మూడు గంటలకి ఒక చిన్న మెట్టు లేస్తుంటే వెతికి వెతికి ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరని కనుక్కున్నాను. అయితే క్లాంప్ బిగించాల్సింది మెయిన్ బోర్డు లోపల. ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

ఇంకో ముఖ్యమైన మాట. చేతిలో పట్టుకునే క్లాంప్ మీటరుతో ఆంప్స్ చూసి వోల్టులతో గుణించి "ఇదిగో ఇన్ని వాట్లు" అని కొందరు చెబుతారు. గీజరుకైతే అది సరిపోతుంది. సెట్‌టాప్ బాక్స్, చార్జరు, ఇన్వర్టరు లాంటి వాటికి పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంప్స్ గుణిస్తే వచ్చేదాంట్లో అసలు వాట్లు ఎంత వంతో చెప్పే అంకె) తక్కువ కాబట్టి ఆ లెక్క అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంటి మీటరు మీకు బిల్లు వేసేది అసలు వాట్లకే. అందుకే మీటరు మీద చుక్కను నమ్మమంటున్నది.


పెరటిగుమ్మం

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పదకొండున్నరకి నేను, మా అబ్బాయి మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాం. వాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు, నేను నోట్‌బుక్ పట్టుకున్నాను. మా మీటరు 3200దే.

అన్నీ ఆపి మొదట చూసినప్పుడు మెరుపుకి మెరుపుకి మధ్య 4.2 సెకన్లు. 268 వాట్లు. అప్పుడు ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. అది ఆగేదాకా కూర్చున్నాం. ఆగగానే 7.5 సెకన్లయింది, అంటే 150 వాట్లు. ఫ్రిజ్ తిరిగేటప్పుడు 118 వాట్లు తీసుకుంటోందని అలా తెలిసింది. మా అబ్బాయికి ఈ తీసివేత తెగ నచ్చేసింది.

ఫ్రిజ్ కాని ఆ 150 ఏమిటి? పెద్దాయన చెప్పినట్టు ఇన్వర్టరు స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు కూడా ఆపాను. వాడు చుక్క వైపు చూస్తూ "అమ్మా, ఆగిపోయింది" అన్నాడు. ఆగలేదు, అంత నెమ్మదైంది. 26 సెకన్లకి మెరిసింది. మూడుసార్లు కొలిచాం, 26, 26, 27. అంటే 43 వాట్లు.

ఇన్వర్టరు ఒక్కటే 107 వాట్లు తింటోంది! కరెంటు పోని రోజున కూడా! ఆ రోజు సాయంత్రం నుంచి కరెంటు పోలేదు, కాబట్టి చార్జి అవుతోందని అనుకోడానికి కూడా లేదు.

తర్వాత ఒక్కొక్క ఎంసీబీ దించాం. మిగిలిన ఆ 43 హాలు, పడగ్గది లైన్లలో ఉంది. సెట్‌టాప్ బాక్స్, రూటర్, ఏసీ స్టెబిలైజరు, డెస్క్‌టాప్ దగ్గర స్పీకర్లు. ఊరెళ్లేటప్పుడు ఇవన్నీ "ఆపేశాం" అనే అనుకున్నాం, ఆపింది రిమోట్‌తో. మెయిన్ దించాక రెండు నిమిషాలు చూశాం, చుక్క మెరవలేదు. ఈరోజు పొద్దున గీజరు పరీక్ష చేస్తే పది నిమిషాలకి 0.3 కదిలింది. మీటరు మంచిదే. ఊరికే అనుమానించాను.

పెద్దాయనా, బ్యాటరీ పోయిందంటారా?


పాతలైన్‌మన్

చాలా చక్కగా కొలిచారమ్మా. మీ అబ్బాయికి నా ఆశీస్సులు.

బ్యాటరీయే అని నా అనుమానం. మామూలుగా బ్యాటరీ నిండిపోయాక ఇన్వర్టరు దానికి చుక్కచుక్కగా మాత్రమే కరెంటు ఇస్తుంది. ఇన్వర్టరు సొంత ఖర్చుతో కలిపి మొత్తం 15 నుంచి 30 వాట్లలో ఉండాలి. బ్యాటరీలో ఆరు గదులుంటాయి. అందులో ఒకటి చచ్చిపోతే మొత్తం వోల్టేజీ నిండిన స్థాయికి చేరదు. ఇన్వర్టరుకి అది ఎప్పటికీ నిండని కుండలా కనిపిస్తుంది, పోస్తూనే ఉంటుంది. పోసిందంతా వేడిగా, ఆవిరిగా పోతుంది. మీరు ఈ మధ్య నీళ్లు తరచుగా పోయాల్సి వస్తోందా? బ్యాటరీ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా ఉందా? కరెంటు పోయినప్పుడు ఇదివరకు వచ్చినంతసేపు వస్తోందా?

బ్యాటరీ షాపులో మనిషిని పిలిచి హైడ్రోమీటరుతో ఆరు గదులూ చూపించండి. అది లోపలి ఆసిడ్ సాంద్రత చూపిస్తుంది, పూర్తి చార్జిలో 1.25 నుంచి 1.28 దాకా ఉండాలి. అయిదు గదులు అలా ఉండి ఒకటి 1.15 కిందకి పడితే ఇక చెప్పేదేం లేదు. మీరు సొంతంగా మూతలు తీయొద్దు, లోపల ఆసిడ్. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ కూడా వస్తుంది, దగ్గర నిప్పు ఉండకూడదు. బ్యాటరీ పెట్టిన చోట గాలి ఆడుతోందో లేదో కూడా చూడండి. అతను వచ్చేదాకా ఇన్వర్టరు ఆపేసి ఉంచండి. డబ్బు సంగతి అటుంచి, వేడెక్కే పాత బ్యాటరీని ఇంట్లో చార్జింగ్‌లో పెట్టి నిద్రపోవడం నాకు ఇష్టం లేదు.

ఫ్రిజ్ సంగతి కూడా ఉంది. మీరు ఊళ్లో లేని రోజుల లెక్క నేను కడతాను. ఇన్వర్టరూ మిగతావీ కలిపి 150 వాట్లు, రోజుకి 3.6 యూనిట్లు. మీకు పోయింది రోజుకి 5.4. మిగిలిన 1.8 ఫ్రిజ్‌దే. 118 వాట్ల ఫ్రిజ్ 1.8 యూనిట్లు తాగాలంటే రోజుకి 15 గంటలు తిరగాలి. తలుపు ఒక్కసారి కూడా తెరవని ఇంట్లో 15 గంటలు ఎందుకు తిరుగుతుంది? డీఫ్రాస్ట్ హీటరుకి కొంత తీసేసినా ఎక్కువే. తలుపు రబ్బరు చూడండి. కాగితం పెట్టి తలుపు మూసి లాగండి, బిగువు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం కారిపోతోంది. నాలుగు వైపులా, ముఖ్యంగా కింది మూలల్లో చూడాలి.


రెండోఅంతస్తు

ఈ చర్చ చదివి నేను కూడా మా మీటరు చూసొచ్చానండి. మా ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు 61 వాట్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ చుక్క వైపు చూడలేదు.

గీజరు గురించి నా అనుభవం చెబుతాను. మా ఇంట్లో పొద్దున అయిదున్నరకి వేసి అందరూ వెళ్లాక తొమ్మిదికి ఆపేవాళ్లం. 15 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.6 యూనిట్ కావాలి, 2000 వాట్ల గీజరుకి 18 నిమిషాల పని. ఆ 60 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీలవి 35 లీటర్లు వస్తాయి. బకెట్ స్నానమైతే ఇద్దరికి సరిపోతాయి. ఇప్పుడు ఇద్దరు వెంటవెంటనే చేసేలా చూసుకుని, మొదటివాళ్లకి 20 నిమిషాల ముందు వేసి, రెండోవాళ్లు లోపలికి వెళ్లగానే ఆపేస్తున్నాం. షవరైతే నాకు లెక్క తెగలేదు, నిమిషాన్ని బట్టి మారిపోతుంది. మా అమ్మాయిని బకెట్‌కి ఒప్పించడానికి మాత్రం నెల పట్టింది.

ఫ్యాన్ల మాట కూడా. మీ అయిదూ పాతవే అయితే ఒక్కోటి ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను అదే గాలికి 30 తీసుకుంటుంది. రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యానుకి నెలకు 16 యూనిట్లు తేడా. కానీ అయిదూ ఒకేసారి మార్చకండి. రోజులో ఎక్కువ గంటలు తిరిగేది ఏదో చూసి అది మార్చండి. చుట్టాలు వచ్చినప్పుడు తిప్పే గదిలో కొత్త ఫ్యాను పెడితే ఆ డబ్బు ఎన్నేళ్లకీ తిరిగి రాదు. పాత పెట్టెలాంటి రెగ్యులేటరుంటే అది కూడా చూసుకోండి. స్పీడు తగ్గించినప్పుడు ఆ మిగులు రెగ్యులేటరులో వేడిగా పోతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది.

ఇంకొకటి. శ్లాబులు పెరిగే కొద్దీ రేటు పెరిగే బిల్లయితే, మీరు ఆదా చేసే యూనిట్లు పై శ్లాబులోవి. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చే సగటు రేటుతో లెక్క కడితే మీ ఆదా తక్కువగా కనిపిస్తుంది. చివరి శ్లాబు రేటుతో గుణించండి. కొత్త బ్యాటరీ కొనాలా వద్దా అని మావారితో మాట్లాడేటప్పుడు ఆ అంకె మీకు పనికొస్తుంది.


పెరటిగుమ్మం

బ్యాటరీ అతను వచ్చి చూశాడు. అయిదు గదులు బాగానే ఉన్నాయి, మూడోది 1.10. పెద్దాయన చూడకుండానే చెప్పారు! మూడు నెలలుగా నీళ్లు తొందరగా తగ్గిపోతున్న మాట నిజమే. ఎండాకాలం కదా అనుకున్నాను.

ఫ్రిజ్ రబ్బరు కూడా చూశాను. పై మూడు వైపులా కాగితం గట్టిగా పట్టింది, కింద కుడి మూలలో మాత్రం దానంతటదే జారి పడింది. అక్కడ రబ్బరు గట్టిపడి చీలింది.

ఒక చిన్న సందేహం. టీవీ, సెట్‌టాప్ బాక్స్, మైక్రోవేవ్, చార్జర్లు, అన్నిటికీ రోజూ స్విచ్ ఆపాలా? మామయ్యగారికి వంగి టీవీ వెనక స్విచ్ ఆపడం కష్టం.


సోల్డరింగ్‌వాసన

అన్నిటికీ అక్కర్లేదు మేడం. ఒక్క వాట్ ఏడాది పొడుగునా లాగితే 8.76 యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. 1999లోనే అంతర్జాతీయ ఇంధన సంస్థ స్టాండ్‌బైలో ఏ వస్తువూ ఒక్క వాట్ దాటకూడదన్న లక్ష్యం పెట్టింది. యూరప్‌లో 2013 నుంచి చాలా వస్తువులకి అర వాట్ నిబంధన వచ్చింది. ఆ ప్రభావంతో ఈ మధ్య కొన్న టీవీలు రిమోట్‌తో ఆపితే అర వాట్ దగ్గరే ఉంటున్నాయి. ఏడాదికి నాలుగు యూనిట్లు. దానికోసం మామయ్యగారిని వంగనివ్వకండి.

సెట్‌టాప్ బాక్స్ వేరే సంగతి. చాలా బాక్సులు రిమోట్‌తో ఆపినా లోపల పని చేస్తూనే ఉంటాయి, మా ఇంట్లోది ఆన్‌లో 13 వాట్లు, "ఆఫ్"లో 11. ఏడాదికి దాదాపు వంద యూనిట్లు. ఏసీ వాడని నెలల్లో స్టెబిలైజరు కూడా అంతే, దాని ట్రాన్స్‌ఫార్మరు ఊరికే వేడెక్కుతూ ఉంటుంది. ఈ రెండు, స్పీకర్లు ఆపితే మీ 43లో చాలా వరకు పోతుంది. టీవీ వెనక స్విచ్ బదులు స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి, ఆయన కుర్చీ పక్కన చేతికందే ఎత్తులో గోడకి బిగించండి.


పెరటిగుమ్మం

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. పూర్తి నెల బిల్లు వచ్చాకే రాద్దామని ఆగాను.

ఈ నెల 251 యూనిట్లు. పోయిన బిల్లుకంటే 94 తక్కువ. ఏమేం చేశామంటే, బ్యాటరీ మార్చాం. మార్చేముందు పన్నెండు రోజులు ఇన్వర్టరు ఆపేసే ఉంచాం. ఫ్రిజ్ రబ్బరు కొత్తది వేయించాం. వేసిన రోజు సాయంత్రమే తేడా తెలిసింది, హాల్లో కూర్చుంటే ఫ్రిజ్ చప్పుడు లేని సమయాలు వినిపించాయి. ఇదివరకు అది ఎప్పుడూ మోగుతూనే ఉండేదని అప్పుడు తట్టింది. సెట్‌టాప్ బాక్స్‌కి మామయ్యగారి కుర్చీ పక్కన స్విచ్ పెట్టించాం, రాత్రి ఆయనే ఆపుతున్నారు. స్టెబిలైజరు ఆపేశాం. గీజరుకి టైము పెట్టుకోవడం ఈ మధ్యే మొదలైంది, దాని ఫలితం వచ్చే నెల తెలుస్తుంది. ఫ్యాన్లు ఇంకా మార్చలేదు. అబ్బాయి గదిలోది ముందు మారుస్తాం.

నిన్న రాత్రి మళ్లీ స్టూలు వేసుకుని కూర్చున్నాం. ఈసారి మామయ్యగారు కూడా వచ్చారు. ఫ్రిజ్ ఆగాక మెరుపుకి మెరుపుకి మధ్య 43 సెకన్లు వచ్చింది. 26 వాట్లు, రూటరు, కొత్త బ్యాటరీతో ఇన్వర్టరు, అంతే. ఆయన పైకి లెక్కపెడుతుంటే ముప్పై దాటాక మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం.

తర్వాత మా అబ్బాయి తాతయ్య గదిలోకి వెళ్లి ఆ చిన్న లైటు వేసి వచ్చాడు. 32 సెకన్లు. లెక్కేస్తే 35 వాట్లు, అంటే లైటుకి 9. రాత్రికి తొమ్మిది గంటలు వేసినా నెలకు రెండున్నర యూనిట్లు దాటదు. నేను ఆయనకి అక్కడే క్షమాపణ చెప్పాను. లైటు ఇప్పుడు రాత్రంతా వెలుగుతోంది. బాత్రూమ్ దారిలో కూడా ఇంకోటి పెట్టించాం.

ఒకటి మిగిలింది. మోటారు. ట్యాంకు నిండటానికి ఇదివరకు 25 నిమిషాలు పట్టేది, అబ్బాయి మొన్న టైము చూస్తే 38 పట్టింది. మోటారు వేసినప్పుడు చుక్కని కొలిస్తే 1000 వాట్ల దగ్గర ఉంది. రోజుకి 13 నిమిషాలు ఎక్కువంటే నెలకు ఆరేడు యూనిట్లు. ఎక్కడ చూడమంటారు?


పాతలైన్‌మన్

సంతోషమమ్మా.

మోటారుకి ముందు సంపులో పైపు చివర ఉండే ఫుట్‌వాల్వ్ చూడండి. జాలీలో చెత్త పట్టినా, పీల్చే పైపు జాయింటు దగ్గర గాలి లాగుతున్నా నీళ్లు తక్కువగా వస్తాయి. ట్యాంకు దగ్గర పైపు చివర ఎవరినైనా నిలబెట్టండి. ధార నిండుగా వస్తోందా, మధ్యమధ్యలో బుడగలతో తుళ్లుతూ వస్తోందా చూసి చెప్పమనండి. తుళ్లుతుంటే జాయింటు, బుడగలు లేకుండా సన్నగా వస్తుంటే జాలీ. జాలీ విప్పేముందు మోటారు ఎంసీబీ దించడం మర్చిపోకండి.